మొదటి రెండేళ్ల కొడవలి

ఆస్ట్రేలియా తుమ్మ విత్తనం మహా మొండిది. మరిగిన నీళ్లు పోసి రాత్రంతా నానబెడితేగానీ మొలకెత్తదు. మొలిచాక తొలి ఆకులు చూస్తే హిందూపురంలో మా చెరువు కింది నల్లతుమ్మలే గుర్తొస్తాయి. అవే సన్నటి ఈకల్లాంటి ఆకులు. కొన్ని వారాలకే ఆ ఈకలు రావడం మానేసి, ఆకు కాడే వెడల్పయి కొడవలిలా వంగుతుంది. పెద్ద చెట్టు మీద మనం ఆకు అనుకునేదంతా నిజానికి కాడే! ఒకే మొక్కకి కింద ఈక, పైన కొడవలి ఉండే రోజులు కొన్ని ఉంటాయి. ఆ మొక్కని అరచేతిలో పెట్టి ఎంతమంది పిల్లలకి చూపించానో.

బెంగళూరులో యలహంక దాటి రాజానుకుంటె వైపు మాకు రెండెకరాల ఎర్రనేల ఉంది. పైమట్టి కొట్టుకుపోయి, రాగి కూడా సరిగా పండని చెక్క. పన్నెండేళ్ల కిందట అక్కడ మూడు మీటర్ల ఎడంతో ఈ తుమ్మ నాటాను. ఎకరాకి దాదాపు 450 మొక్కలు పట్టాయి. మేకలు దీన్ని ముట్టవు కాబట్టి కంచె ఖర్చు తప్పింది. రెండో ఏట ఒక వేరు తవ్వి చూస్తే చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. గాలిలోని నత్రజనిని మొక్కకి అందించే సూక్ష్మజీవులు కాపురముండేది అందులోనే. యూరియా బస్తా చూడని నేలలో ఆ రంగు చూసి నాకు కళ్లు చెమర్చాయి.

“నాటి మర్చిపోండి, పదేళ్లకి డబ్బే డబ్బు” అని మొక్కలమ్మినవాళ్లు చెప్పారు. నమ్మి, ఒక ఎకరాన్ని నిజంగానే మర్చిపోయాను. రెండో ఎకరాన్ని కాపాడింది పక్క పొలం తాత. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో మాట్లాడేది మన తెలుగే. గట్టు మీద నిలబడి అడిగాడు:

“ఏమప్పా, చెట్టు పెంచతా ఉండావా, పొద పెంచతా ఉండావా?”

ఈ తుమ్మని దాని మానాన వదిలేస్తే మొదట్లోనే మూడు నాలుగు కాండాలుగా చీలుతుంది, వంకర్లు పోతుంది. పెన్సిలు లావున్నప్పుడే పక్క కొమ్మలు కోసి, నిటారుగా ఉన్న ఒక్కదాన్ని వదలాలి. అన్నీ ఒకేసారి కోస్తే మొక్క డస్సిపోతుంది. తాత కొడవలి పట్టుకుని ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేవాడు, ఆ తర్వాతే కోత. పదేళ్లకి, మర్చిపోయిన ఎకరం కట్టెల ధరకి పోయింది. కొమ్మలు కోసిన ఎకరంలో పలచన చేయగా వచ్చిన దుంగలు సామిల్లుకెళ్లాయి. రంపం దిగాక అంచున పాలిపోయిన తెలుపు, నడుమ ముదురు గోధుమ రంగు చేవ. ఎండేటప్పుడు పగలకుండా చివర్లకి రంగు పూశాం. ఈ కాలమ్ రాస్తున్న బల్ల ఆ చేవతో చేసిందే. చెట్టు పెంపకం ఓపిక పని అంటారు. నాకు తెలిసినంతలో అది మొదటి రెండేళ్ల పని, ఆ తర్వాతే ఓపిక.

ఈ తుమ్మకి చుట్టమైన మాంజియం తుమ్మ 1966లో మలేషియాలోని సబా చేరింది. అక్కణ్నుంచి ఆ ప్రాంతమంతా కాగితం గుజ్జుకి ఆధారమైంది. వియత్నాంలో చాలామంది చిన్న రైతులు తుమ్మ తోటలతో ఇల్లు గడుపుకుంటున్నారు. కానీ ఒకే చెట్టు నిండిన భూమి ఎవరిదన్న ప్రశ్న కర్ణాటక ఎప్పుడో అడిగింది. 1987 నవంబరు 14న అప్పటి ధారవాడ జిల్లా కుసనూరులో జనం నీలగిరి మొక్కలు పీకి, తమకి పనికొచ్చే చెట్లు నాటారు. గ్రామం పశువుల్ని మేపుకునే నేలని గుజ్జు మిల్లుకి అప్పగించడాన్ని వాళ్లు ఒప్పుకోలేదు. 2017లో ప్రభుత్వమే కొత్తగా నీలగిరి నాటడం ఆపేసింది. అందుకే హెసరఘట్ట గడ్డిమైదానంలో తుమ్మ నాటుదామని ఎవరైనా అంటే నేను అడ్డం నిలబడతాను. గడ్డి ఉన్నచోటు బీడు కాదు. తుమ్మ రావాల్సింది ఏమీ నిలవని నేలకి.

తోటలో రాలిన ఆకు త్వరగా చివకదు, మాఘమాసానికి కాళ్ల కింద గలగలలాడుతుంది. నిప్పురవ్వ పడితే అంతే సంగతులు. అందుకే ఏటా చుట్టూ మూడు బారల వెడల్పు ఊడ్పిస్తాను. పలచన చేసిన వరుసల నీడలో కానుగ పెట్టాను. పిట్టలు వేసిన వేప, నేరేడు తమంతట తామే లేచాయి. వచ్చే నెల మళ్లీ కోత. చెట్లని ఏ పక్కకి పడగొట్టాలో మేస్త్రీకి చూపించడానికి నిన్న సున్నం డబ్బాతో వెళ్లాను. నడుమెత్తు కానుగలున్న వైపు ఒక్క గీతా గీయలేదు.