బఠానీ గింజంత పనితనం

మా మేనకోడలు దిండు గలీబు తెచ్చి నా ముందు పరిచింది. నీలం గుడ్డ మీద, చెంప ఆనేచోట తెల్లటి మచ్చలు. "ఏంది మామా ఇది, మొటిమలకు మందా, చాకిరేవు మందా?" అంది. సూళ్లూరుపేటలో డాక్టరు రాసిచ్చిన జెల్ అది. అడాపలీన్ 0.1 శాతం, బెంజోయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం. ఆ మచ్చలు చూసి నాకు ముచ్చటేసింది.

మొటిమ పైకి కనబడడానికి వారాల ముందే లోపల పని మొదలవుతుంది. ఈడొచ్చాక హార్మోన్ల జోరుకు నూనె గ్రంథులు ఎక్కువగా ఊరతాయి. రాలిపోవాల్సిన చర్మకణాలు అతుక్కుపోయి వెంట్రుక రంధ్రానికి బిరడా వేస్తాయి. గాలాడని ఆ ఇరుకులో నూనె తింటూ క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే క్రిమి పెరుగుతుంది. దాని మీద ఒళ్లు తిరగబడితే ఎరుపు, వాపు, చీము. పులికాట్ వైపు ఉక్కకు మొహం జిడ్డోడుతుందని రోజుకు ఆరుసార్లు సబ్బు రుద్దినా ఆ బిరడా కదలదు. నల్లమొనల నలుపు కూడా మురికి కాదు.

ఈ జెల్‌లో అడాపలీన్ బిరడా కట్టనివ్వదు. పెరాక్సైడ్ విడిపోయి చురుకైన ఆక్సిజన్‌ను వదులుతుంది. గాలి గిట్టని క్రిమికి అదే విషం. యాంటీబయాటిక్‌లకు మొండికేసిన క్రిములు కూడా దీని ముందు నిలవవు. గలీబు రంగు తిన్నదీ ఈ పెరాక్సైడే. నాకు అంతకన్నా నచ్చింది జోడీ కుదర్చడం. పాత మందు ట్రెటినాయిన్ వెలుతురుకు, పెరాక్సైడ్‌కు విరిగిపోయేది. అడాపలీన్ రెండింటినీ తట్టుకుంటుంది కాబట్టే ఒకే ట్యూబులో కాపురం.

చీము మొటిమలు ముదిరితే డాక్టర్లు కొన్ని వారాలు డాక్సీసైక్లిన్ కూడా ఇస్తారు. ఆ వంశానికి పెద్దది ఆరియోమైసిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ మందుల కంపెనీలో పరిశోధన నడిపిస్తున్న రోజుల్లో బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని రాబట్టాడు. 1948లో లోకానికి తెలిసింది. గుంటలు పడే మొండి రకానికి ఐసోట్రెటినాయిన్ ఉంది, గర్భిణులు మాత్రం దాన్ని ముట్టకూడదు. ఇక పక్కింటివాళ్లు చెప్పారని పూసుకునే స్టెరాయిడ్ క్రీములా, అవే కొత్త మొటిమలు తెస్తాయి.

రాత్రి కడిగి ఆరిన మొహానికంతా కలిపి బఠానీ గింజంత చాలు. మొటిమ మీద మాత్రమే అద్దితే రేపటి మొటిమను వదిలేసినట్టే. మొదట్లో మంట, పొట్టు లేవడం మామూలే. ఫలితం తేలడానికి 8 నుంచి 12 వారాలు. మా పిల్లకు ఇది అయిదో వారం. గలీబులు మాత్రం అన్నీ తెల్లవే కొనుక్కుంది.