ఎర్ర ఫిల్టరు, నల్లని ఆకాశం: ఆన్సెల్ ఆడమ్స్ ‘మోనోలిత్’లో స్వభావం – వక్రత

కీలకపదాలు: ఛాయాచిత్రకళ, ఫిల్టరు, ఆన్సెల్ ఆడమ్స్, కుంతకుడు, వక్రోక్తి, అలంకార్యం.

ఉపోద్ఘాతం:

ఛాయాచిత్రం వస్తువును ఉన్నదున్నట్లు చూపుతుందన్న నమ్మకం బలమైనది. కటకం ముందు రంగుటద్దం అమర్చగానే ఆ నమ్మకం సందేహానికి గురవుతుంది. పగటి ఆకాశాన్ని నల్లబరచిన చిత్రం సత్యమా, అలంకారమా? అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసెమిటీలో తీసిన ‘మోనోలిత్, ది ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్’ ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

రెండు ప్లేట్లు:

శిలాముఖం ఎదుట నిలిచేసరికి ఆడమ్స్ వద్ద మిగిలినవి రెండే గాజు ప్లేట్లు. మొదటిదానికి పసుపు ఫిల్టరు వాడాడు. తనకు కలిగిన అనుభూతిని ఆ చిత్రం అందించలేదని గ్రహించి, చివరి ప్లేటుకు ముదురు ఎరుపు ఫిల్టరు అమర్చాడు.

నలుపు–తెలుపు ప్లేటు నీలికాంతికి ఎక్కువగా స్పందిస్తుంది. కాబట్టి ఫిల్టరు లేకపోతే ఆకాశం వెలవెలబోతుంది. పసుపు ఫిల్టరు నీలాన్ని కొంత తగ్గించి, ఆకాశాన్ని కంటికి తోచే ఛాయకు చేరువ చేస్తుంది. ఎరుపు ఫిల్టరు నీలాన్ని దాదాపుగా అడ్డుకుంటుంది, ఆకాశం నల్లబడుతుంది. అంటే ఫిల్టరు లేని చిత్రమే సత్యమనడం నిలిచే వాదం కాదు. ఫిల్టరు వాడకపోవడం కూడా ఒక ఎంపికే.

అలంకార్యం – అలంకారం:

కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో స్వభావోక్తిని అలంకారంగా అంగీకరించలేదు. వస్తుస్వభావం అలంకార్యమే తప్ప అలంకారం కాదన్నది ఆయన వాదం. ఈ దృష్టితో చూస్తే ‘మోనోలిత్’లో శిల అలంకార్యం, ఎరుపు ఫిల్టరు కల్పించినది వక్రత. అయితే ఈ వక్రత చిత్రానికి దేనినీ చేర్చదు. వచ్చే వెలుగులో కొంత తీసివేస్తుంది. ఆ లోటును ఎక్కువసేపు వెలుగు పడనిచ్చి పూడ్చుకోవాలి. శిల గాంభీర్యం ఈ పరిహరణ నుండే వ్యక్తమైంది.

1932లో ఏర్పడిన ‘గ్రూప్ ఎఫ్/64’లో ఆడమ్స్ ఒకడు. ఇతర కళల అనుకరణను ఆ బృందం నిరాకరించింది. అటువంటివాడు ఆకాశాన్ని నల్లబరచడం వైరుధ్యం కాదా? కాదనడానికి ఆధారం చిత్రంలోనే ఉంది. ఎండ నేరుగా పడని చోటికి వెలుగునిచ్చేది ప్రధానంగా నీలాకాశమే. అందువల్ల ఆకాశాన్ని నల్లబరచిన ఫిల్టరే నీడలనూ చిక్కబరుస్తుంది. చిత్రకారుడి కుంచెకున్న స్వేచ్ఛ ఫిల్టరుకు లేదు. తనకు నచ్చిన చోటును మాత్రమే అది మార్చలేదు.

అయినా ఒక పరిమితిని గుర్తించాలి. ఆ రోజు ఆకాశం ఎంత కాంతివంతంగా ఉందో ఈ చిత్రం చెప్పదు. అనుభూతికి సాక్ష్యంగా నిలిచిన చిత్రం వాతావరణానికి సాక్ష్యంగా నిలవదు.

ముగింపు:

నేడు రంగుల్లో తీసిన డిజిటల్ చిత్రాన్ని తరువాత నలుపు–తెలుపులోకి మార్చుతూ ఎరుపు ఫిల్టరు ప్రభావాన్ని తీసుకురావచ్చు. చివరి ప్లేటు ముందు తీసుకున్న నిర్ణయానికి ఉన్న తిరుగులేనితనం అందులో ఉండదు. ఆకాశాన్ని మాత్రమే ఎంచుకుని నల్లబరిస్తే, ఆకాశానికీ నీడకూ ఉన్న సంబంధం కూడా తెగిపోతుంది. కనుక నల్లని ఆకాశాన్ని చూసిన విమర్శకుడు ఫిల్టరు వాడారా లేదా అన్నదానితో ఆగకుండా నీడలను కూడా పరిశీలించాలి. వక్రత వస్తుస్వభావానికి కట్టుబడిందో లేదో తెలిపే ఆధారాల్లో అది ముఖ్యమైనది.