తల్లి ఉన్న అనాథ

బిట్‌కాయిన్ మైనింగులో ‘అనాథ బ్లాకు’ అన్న పేరే పెద్ద తిరకాసు. మైనర్లు అనాథ అనే బ్లాకుకు తల్లి నిక్షేపంలా ఉంటుంది, లేనిది సంతానం. తనకు ముందున్న బ్లాకు అందకుండానే ఏ నోడ్‌కైనా (నెట్‌వర్కులోని కంప్యూటరుకు) చేరిన బ్లాకు ఉంటుంది చూడండి, అసలు అనాథ అది. ఓడిన బ్లాకు తాలూకు బహుమతిని లావాదేవీల పట్టికలో సాఫ్ట్‌వేరే ‘ఆర్ఫన్’ అని చూపించడంతో ఈ పేరు అతుక్కుపోయింది. తెలిసినవాళ్లు దాన్ని ‘స్టేల్’, అంటే పాచిపోయిన బ్లాకు అంటారు. ఏ పేరుతో పిలిచినా అందులో ఏదో దోషం ఉందనిపిస్తుంది. నిజానికి దాని లెక్క సరిగ్గానే ఉంటుంది, పడిన శ్రమా నిజమే. పెద్దమనుషులు లేని పంచాయితీలో తగువు తెగాలంటే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. ఆ నష్టమే ఈ బ్లాకు.

తగువు ఎలా పుడుతుందో చూద్దాం. మైనింగ్ యంత్రం 80 బైట్ల శీర్షికలో ఒక అంకెను మార్చి మార్చి, హాష్ విలువ నిర్ణీత హద్దుకు లోపల పడేదాకా ప్రయత్నిస్తుంది. సగటున పది నిమిషాలకు ఒకరికి తగులుతుంది. ఒక్కోసారి టెక్సాస్‌లో ఒకరికి, కజకస్తాన్‌లో ఇంకొకరికి రెండు సెకన్ల తేడాతో తగలవచ్చు. ఏ నోడ్‌కు ఏది ముందు చేరితే అది దాన్నే పట్టుకుంటుంది. తర్వాతి బ్లాకు దేనిమీద పడితే ఆ గొలుసుకు శ్రమ బరువు పెరుగుతుంది, అందరూ అటు జరుగుతారు. ఓడిన బ్లాకులోని లావాదేవీలు చాలావరకు గెలిచినదాంట్లోనూ ఉంటాయి. మిగిలినవి మళ్లీ వరుసలో నిలబడతాయి. పోయేది మైనర్ బహుమతి: 2024 ఏప్రిల్ నుంచి 3.125 బిట్‌కాయిన్లు, పైన రుసుములు. అందుకే మరో వంద బ్లాకులు పేరుకునేదాకా ఆ బహుమతిని ఖర్చుపెట్టనివ్వరు.

ఈ నష్టం, కొత్త బ్లాకు వార్త ఎంత నెమ్మదిగా పాకుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు డెకర్, వాటెన్‌హోఫర్ 10,000 బ్లాకులను గమనిస్తే 169 చోట్ల గొలుసు చీలింది. ఆ వేగం పెంచడానికి 2016లో వచ్చిన కాంపాక్ట్ బ్లాకులు బ్లాకునంతా మోయకుండా లావాదేవీల పొట్టి గుర్తులే పంపుతాయి. నోడ్ దగ్గర సరుకు ముందే ఉంటుంది కదా. పదమూడు సెకన్లకో బ్లాకు పడిన రోజుల్లో ఈథీరియంలో ఓటములు మరీ ఎక్కువగా ఉండేవి. అక్కడ వాటిని ‘అంకుల్’ అని వరస కలిపి, బహుమతిలో 7/8 వంతు దాకా ఇచ్చేవారు. 2022 సెప్టెంబరులో మైనింగే మానేయడంతో ఆ చుట్టరికం తెగింది.

ఇదంతా కరెంటు దండగ కాదా అంటారు. మైనింగ్ మొత్తానికి అయ్యే కరెంటు మీద ఆ వాదన నిలుస్తుంది. అందులో ఓడిన బ్లాకుల వాటా మాత్రం చాలా చిన్నది. పెద్ద పూల్ (మైనర్ల కూటమి) తన బ్లాకు మీద తానే ముందుగా పని మొదలుపెడుతుంది కాబట్టి చిన్నవాడికే దెబ్బ ఎక్కువ అన్నది బలమైన అభ్యంతరం. దొరికిన బ్లాకును దాచిపెట్టి ఇతరుల శ్రమను పాచిపట్టించవచ్చని 2013లో ఇయాల్, సిరర్ చూపించారు కూడా. తగువు తేల్చే ఈ పద్ధతి న్యాయమైనదని నేనూ అనను, పనిచేస్తుందని మాత్రం అంటాను. ఉదాహరణకు, 2013 మార్చిలో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8, పాత 0.7 రూపాల మధ్య 225,430వ బ్లాకు దగ్గర గొలుసు చీలింది. పాత డేటాబేసు మింగలేని బ్లాకును కొత్తది ఒప్పుకుంది. కంప్యూటింగ్ బలం కొత్తదాని వైపే ఉన్నా, పెద్ద పూళ్లు తమ బహుమతులు వదులుకుని పాతదానికి తిరిగొచ్చాయి. 24 బ్లాకులు, ఒక్కోదానికి 25 బిట్‌కాయిన్లు, చెత్తబుట్టలో పడ్డాయి. గొలుసు కొన్ని గంటల్లోనే ఒక్కటైంది. ఆ సందులోనే ఒక చెల్లింపు సంస్థ దగ్గర దాదాపు 10,000 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు రెండుసార్లు ఖర్చయ్యాయి. కాబట్టి పెద్ద మొత్తం చేతులు మారేటప్పుడు ఆరు బ్లాకులు పడేదాకా, అంటే ఓ గంటసేపు, సరుకు అప్పగించకండి.