బృందగానంలో ఇమడని గొంతు

డెన్మార్క్‌లో దేశభక్తి కవిత్వాన్ని చదవడం కంటే పాడటమే ఎక్కువ. పరీక్షల బెడద లేకుండా పెద్దలు చదువుకునే ఫోక్ హైస్కూళ్లలో పొద్దున్నే అందరూ కలిసి పాడటం ఆనవాయితీ. 1894లో మొదలైన వాళ్ల పాటల పుస్తకం 2020లో 19వ కూర్పుకు చేరింది. ఓలెన్‌ష్లేగర్ 1819లో రాసిన జాతీయగీతం నిండా సముద్రతీరం, కొండలు, లోయలు, బీచ్ చెట్లు.

చెట్టూ పుట్టా ఉన్నంతసేపూ పేచీ లేదు. పాటలోకి మనిషి వస్తేనే చిక్కు. కై హాఫ్‌మన్ 1924లో డేనిష్ పాటనే బంగారు జుట్టు పడుచుపిల్లగా ఊహించాడు. 2018లో కోపెన్‌హాగన్‌లోని ఒక విద్యాసంస్థ సిబ్బంది సమావేశంలో దాన్ని పాడితే, తెల్లజాతి కాని ఒక ఉద్యోగి ఇందులో నాకు చోటేదన్నారు. దేశమంతా రచ్చ. 2020 కూర్పులో గాయకుడు ఇసాం బి రాసిన రంజాన్ పాట చేరితే మళ్లీ రచ్చ. ‘పాటే కదా’ అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పొసగదు. చదివేటప్పుడు నచ్చని పాదం దాటేయొచ్చు, పదిమందితో గొంతు కలిపాక ప్రతి మాటా మనం అన్నదే అవుతుంది.

కవి యాహ్యా హసన్ ఈ బృందగానంలో కలవలేదు. 1995లో ఆర్హుస్‌లో పాలస్తీనా కుటుంబంలో పుట్టాడు. 2013లో తన పేరే పెట్టి తెచ్చిన తొలి సంపుటి లక్షకు పైగా అమ్ముడుపోయింది. మొదటి నుంచి చివరిదాకా అన్నీ క్యాపిటల్ అక్షరాలే. మన లిపికి ఆ వసతి లేదు గనక ఊహించుకోవాల్సిందే: ఎక్కడా స్థాయి దిగని కేక. తండ్రి కొట్టిన దెబ్బలు, పైకి భక్తి చూపిస్తూ దొంగతనాలు చేసేవాళ్లు, సర్కారు సంరక్షణ గృహాలు, దేన్నీ వదల్లేదు. వలసలంటే గిట్టనివాళ్లు ఆ పుస్తకాన్ని సాక్ష్యంగా పట్టుకున్నారు. చివరి దీర్ఘకవితను వాళ్లు చదివారో లేదో! అక్కడ వ్యాకరణాన్ని కావాలనే విరిచేసి, వలస కుటుంబాల కాలనీల్లో కుర్రాళ్లు మాట్లాడే డేనిష్‌లోకి దిగిపోతాడు. తండ్రి మీద కోపం చాలామంది రాస్తారు, అసలు తెగింపు ఇదీ. 24 ఏళ్లకే, 2020లో పోయాడు.

మాయా లీ లాంగ్వాద్ అరవదు. 1980లో సోల్‌లో పుట్టి డెన్మార్క్‌కు దత్తత వెళ్లింది. క్రోన్‌బోర్ కోట కింద నిద్రపోతున్న హోల్గర్ డాన్స్‌కే, దేశానికి ఆపదొస్తే లేస్తాడని అక్కడి నమ్మకం. ఆ వీరుణ్ణి వెతకమన్నట్టు 2006లో తొలి పుస్తకానికి పేరు పెట్టి, ప్రశ్నావళులనే కవితలు చేసింది. హసన్‌తోనైతే వాదనకు దిగొచ్చు. ఇక్కడ ఎదురుగా ఎవరూ ఉండరు, ఫారం నింపాల్సింది చదివేవాళ్లే. కవితలు రాసుకునేవాడిగా నేను కుళ్లుకునేది ఈ పద్ధతి చూసే.