నాలుగు స్వరముల పాట

మన కీర్తనల పుస్తకములో అనేక కీర్తనలపైన రాగము పేరు, తాళము పేరు అచ్చువేయబడియుండుట చదువరులెరుగుదురు. అయితే రాగమును మనుష్యుడు క్రొత్తగా కల్పింపవచ్చునా? పెద్దలు చూపిన త్రోవ దాటినవాడు గర్విష్ఠియా, లేక తనకియ్యబడిన తలాంతును వాడుకొనినవాడా? మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి కృషిని విమర్శించువారికి ఈ ప్రశ్న తప్పదు.

ఆయన 1930వ సంవత్సరము జూలై 6వ తేదీన తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తములో పుట్టిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు వేణువును, తల్లి సూర్యకాంతమ్మగారు వీణను వాయించువారు. తల్లి ఆయన పసితనముననే గతించిరి. గురువైన పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు త్యాగరాజుగారి శిష్యపరంపరలోనివారు. ఈలాగున ఆయనకు మొదటి ప్రేరణ ఇల్లు, రెండవది గురువు. యౌవనారంభముననే 72 మేళకర్త రాగములన్నిటిలోను కృతులు రచించిరి. క్రొత్తదానికి చేయిచాపకముందు పాతదానిని పూర్తిగా నేర్చిరని ఇందువలన తెలియుచున్నది.

తరువాత మహతి, లవంగి మొదలైన రాగములను కల్పించిరి. ఐదు స్వరములకు తక్కువైనది రాగము కానేరదని సంప్రదాయము. మహతిలో నున్నవి స, గ, ప, ని అను నాలుగే; లవంగిలో స, రి, మ, ధ అను నాలుగే. సర్వశ్రీలోనైతే మూడే. కొందరు విద్వాంసులు దీనిని గట్టిగా ఆక్షేపించిరి.

వారి ఆక్షేపణ కొంతవరకు న్యాయమే. తోడి, కల్యాణి వంటి రాగములలో ఎంతసేపు ఆలపించినను ఇంక చోటుండును. నాలుగు స్వరములలో అంత చోటు లేదు. గాయకుడు నడచిన దారినే మరల నడవవలసివచ్చును. అయితే ఆలాపన వేరు, కీర్తన వేరు. కీర్తనలో మాటకు ప్రాధాన్యము. స్వరములు తక్కువైనచోట మాట స్పష్టముగా వినబడును. మహతి వినునప్పుడు లేమి తోచదు, నిర్మలత్వము తోచును.

ఆయన పండితసభలకే పరిమితులు కాలేదు. విజయవాడ ఆకాశవాణిలో పనిచేయుచు, భక్తిరంజని ద్వారా భక్తిగీతములను పల్లెల ముంగిళ్లకు చేర్చిరి. భద్రాచల రామదాసు కీర్తనలను, తత్వములను ప్రేమతో పాడిరి. 1991లో పద్మవిభూషణ్ బిరుదు పొందిరి. నాలుగువందలకు పైగా రచనలు విడిచి, 2016 నవంబరు 22న చెన్నైలో కన్నుమూసిరి.

దామరచర్ల, మిర్యాలగూడ ప్రాంతములలో హార్మోనియమైనను లేని చిన్న గుడులున్నవి. అచ్చట పదిమందీ కలిసి పాడుటకు స్వరములు కొద్దిగానుండుట మేలే గాని కొరత కాదు. క్రొత్త వరుస కట్టగోరు యౌవనస్థులారా, మొదట పాత వరుసలను శ్రద్ధగా నేర్చుకొనుడి. పెద్దలారా, క్రొత్తదని త్రోసివేయకముందు ఒకసారి పాడి చూడుడి; మాట స్పష్టముగా వినబడుచున్నదా యని విచారించుడి.