పళ్లెం, నీళ్లు, తువాలు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్తే మనుషుల కాళ్లు చూడండి. వేలంపాట మొదలయ్యేసరికి జెట్టీ నేలంతా ఉప్పునీరు, ఐసు ముక్కలు, చేప పొలుసులు. బోట్ల మీంచి సరుకు దించే కలాసీలు, గంపలు మోసే ఆడవాళ్లు ఆ తడిలోనే గంటల తరబడి నిలబడతారు. వేళ్ల సందులు ఒరిసిపోతాయి, మడమలు పగులుతాయి. జెల్ల ముల్లు దిగితే చెప్పక్కర్లేదు, కాలు రాత్రంతా సలుపుతూనే ఉంటుంది.

యేసు వెంట నడిచినవాళ్లలో పేతురు ఇలాంటి మనిషే. గలిలయ సరస్సులో వలలు వేసి బతికినవాడు. చివరి రాత్రి భోజనం దగ్గర గురువు నడుముకు తువాలు కట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల కాళ్లు కడుగుతుంటే, ససేమిరా వద్దన్నది కూడా ఆ జాలరే. క్రైస్తవుల్లో సేవ అనే మాట ఎక్కడ వినబడినా దాని వెనక ఈ సన్నివేశం ఉంటుంది. పేతురు అభ్యంతరం నాకు ఎప్పుడూ సబబుగానే అనిపిస్తుంది. చేయించుకునేవాడికి ఉండే సిగ్గు చేసేవాడికి ఓ పట్టాన అర్థం కాదు.

హార్బర్‌కి కాస్త ఎడంగా, పాతనగరం వైపు, ఓడలు లోపలికి వచ్చే కాలువ పక్కన మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి, ఒకదాని మీద ఇస్హాక్ మదీనా దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద మేరీమాత గుడి. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకున్నాడు, దాంతో కొండకి ఆ పేరు స్థిరపడింది. ఈ ఊరికి క్రైస్తవ మిషనరీలు రావడం అంతకన్నా పాత సంగతి. లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లో వచ్చారు. ఫ్రాన్స్‌లో ఆన్సీ నుంచి కతోలిక గురువులు 1846లో దిగారు.

కతోలిక గుళ్లలో పవిత్ర గురువారం సాయంత్రం ఆ పళ్లెం మళ్లీ బయటికి వస్తుంది. గురువు పైవస్త్రం తీసి పక్కన పెట్టి, తువాలు చుట్టుకుని, వరసగా కూర్చున్నవాళ్ల ముందు వంగి, పాదం మీద నీళ్లు పోసి తుడుస్తాడు. 1955లో పోప్ పన్నెండో పయస్ చేసిన మార్పులతో ఇది ఆనాటి సాయంకాల పూజలో భాగమైంది. అప్పటికి మగవాళ్ల పాదాలే కడిగేవారు. 2013లో పోప్ ఫ్రాన్సిస్ రోములోని బాలనేరస్థుల జైలుకి వెళ్లి అమ్మాయిల కాళ్లు, ముస్లింల కాళ్లు కూడా కడిగారు. 2016లో ఆడవాళ్లకూ అనుమతి రాతపూర్వకంగా వచ్చింది. అయితే గుడికి వచ్చేవాళ్లు ఇంట్లో శుభ్రంగా కడుక్కునే వస్తారు. ఈ సంగతి అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

నిజంగా కడగాల్సిన కాళ్లు కుష్ఠు ఆసుపత్రుల్లో కనబడతాయి. తెలుగునేల మీద ఈ సంప్రదాయం చేతిపనిగా మారింది అక్కడే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ చేతుల మీదుగా 1915లో విక్టోరియా ఆసుపత్రి వెలిసింది. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు. మన ఉత్తరాంధ్రలో సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి పేరు కుష్ఠు తెలిసినవాళ్లందరికీ తెలుసు.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర్నించి చూద్దాం. కుష్ఠు నరాన్ని చంపుతుంది, దాంతో చర్మానికి స్పర్శ పోతుంది. చెమట కూడా పట్టదు కాబట్టి పాదం ఎండిన చెరువులా బీటలు తీస్తుంది. వేళ్లు రోగం వల్ల వాటంతటవే రాలిపోతాయని జనం నమ్మేవారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్నించి పరిశీలించి, నొప్పి తెలియక తగిలే దెబ్బలూ, వాటిలో చేరే చీమూ అసలు కారణమని తేల్చారు. రాత్రుళ్లు నిద్రలో ఎలుకలు వేళ్లు కొరికినా రోగికి మెలకువ రావడం లేదని తెలిసి, ఇళ్లకి పిల్లుల్ని ఇచ్చి పంపారు.

కాబట్టి రోజూ చేయాల్సినవి ఇవి. టబ్బులో మామూలు నీళ్లు పోసి పాదాన్ని ఇరవై నిమిషాలు నానబెట్టాలి. వేడినీళ్లు పనికిరావు, కాలినా తెలియదు. నానిన ఆనెకాయని గరుకు రాయితో మెల్లగా రుద్దాలి, బ్లేడు ముట్టుకోకూడదు. తుడిచి ఆరబెట్టకుండా ఆ తడి మీదే కొబ్బరినూనె రాయాలి. తడి ఆరిపోకుండా పట్టి ఉంచడమే నూనె పని. ఆ తర్వాత అరికాలు చూసుకోవాలి, వంగలేనివాళ్లకి చిన్న అద్దం. చెప్పుల్లో కాలు పెట్టేముందు రాయి ఉందేమోనని బోర్లించి దులపాలి. చెప్పు లోపల మెత్తటి ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్) రబ్బరు ఉండాలి, అడుగున మేకులు ఉండకూడదు.

ఇందులో మందు దాదాపు లేదు. నర్సు మొదట్లో నేల మీద కూర్చుని తన చేత్తో చేసి చూపిస్తుంది. తర్వాత రాయి రోగి చేతికి ఇస్తుంది. ఎదుటివాడు తన కాళ్లు తానే కడుక్కునేలా చేసి పక్కకి తప్పుకోవడం ఈ పద్ధతిలో ఉన్న గొప్ప. పేతురు సిగ్గుకి ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.

సేవ చేసే చేతికి ఇంకో పరీక్ష ఉంది. బియ్యం మూట ఇస్తూ ఫొటో దిగేవాళ్లనీ, మూట వెనకే మతం తోస్తారనే నిందనీ మనం చూస్తూనే ఉన్నాం. ఆ నింద పాతదే, ఒక్కోచోట నిజం కూడా. 1876–78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బాప్తిస్మం అడిగినవాళ్లని మాత్రం పదిహేను నెలలు ఆపేశాడు. అన్నం కోసం వచ్చారనే మాట పడకూడదని ఆయన పట్టుదల. సాయం ముగిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అయినా విమర్శ ఆగలేదు. ఆగకపోయినా, ఆ పదిహేను నెలల నిగ్రహాన్ని ఇవాళ్టి సేవాసంస్థలు ఒకసారి చదువుకోవాలి.

భారతదేశం 2005 చివరికి కుష్ఠు ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించుకుంది. కానీ ఏటా కొత్తగా బయటపడే రోగుల్లో ప్రపంచం మొత్తం మీద సగానికి పైగా ఇప్పటికీ మనవాళ్లే. ఇక సుగర్ సంగతి సరేసరి. సుగర్ ముదిరినవాళ్లకీ పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. జెట్టీ మీద ముల్లు దిగినా తెలియని గంప మోసే ఆమెకి కుష్ఠు ఆసుపత్రిలో పుట్టిన పాఠమే చాలావరకు పనికొస్తుంది. అదే అద్దం, అదే చెప్పు దులపడం, అదే మెత్తటి రబ్బరు. ఎంసీఆర్ చెప్పులు ఇప్పుడు నగరంలో సుగర్ చెప్పులుగా అమ్ముడవుతున్నాయి. ఒకప్పుడు ఆ చెప్పు చూడగానే రోగం పోల్చేస్తారని చాలామంది తొడుక్కునేవారు కాదు. ఇవాళ బజారు చెప్పుల్లాగే కుడుతున్నారు కాబట్టి ఎవరి కాలికి ఎందుకుందో అడిగేవాళ్లు లేరు.