అంతర్జాతీయ రగ్బీ అర్హతా నిబంధనలు – జాతీయతా భావన: విమర్శనాత్మక పరిశీలన

అంతర్జాతీయ రగ్బీలో ఒక దేశం తరఫున ఆడడానికి పౌరసత్వం ప్రమాణం కాదు. ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్స్ జట్ల వెనుక ఉన్న పౌరసత్వం ఒక్కటే. ఐర్లాండు జట్టు రెండు రాజ్యాల భూభాగానికి ప్రాతినిధ్యం వహిస్తుంది. కనుక పాస్‌పోర్టును బట్టి జట్టును నిర్ణయించడం ఈ ఆటలో సాధ్యం కాలేదు. ఆ స్థానంలో వరల్డ్ రగ్బీ సంస్థ ఎనిమిదవ నిబంధన మూడు ప్రమాణాలను నిలిపింది: ఆటగాని జన్మస్థలం, తల్లిదండ్రులు, తాతలు, నానమ్మ, అమ్మమ్మలలో ఒకరి జన్మస్థలం, నివాసం. పూర్వం 36 నెలలుగా ఉన్న నిరంతర నివాసకాలం నేడు 60 నెలలు.

ఈ ప్రమాణాల పరిమితిని 2000 నాటి వివాదం వెల్లడించింది. న్యూజిలాండ్ వాడైన బ్రెట్ సింకిన్సన్ తాత వేల్స్‌లో జన్మించాడన్న వాదన నిలవకపోవడంతో అతడు వేల్స్ జట్టుకు దూరమయ్యాడు. అనంతరం నివాసార్హతతో అదే జట్టులోకి తిరిగి వచ్చాడు. నిబంధన దృష్టిలో మారినది ఆధారపత్రం ఒక్కటే. దేశంతో మనిషికి గల అనుబంధాన్ని కొలిచే శక్తి ఆ పత్రానికి లేదు.

ఒకసారి ఒక దేశానికి ఆడినవాడు మరొక దేశానికి ఆడరాదన్న కట్టుబాటును 2021 నవంబరులో సడలించారు. 2022 జనవరి 1 నుండి, మూడేళ్లు అంతర్జాతీయ పోటీలకు దూరంగా ఉన్న ఆటగాడు ఒక్కసారి జట్టు మారవచ్చు. టోంగాలో జన్మించి న్యూజిలాండ్‌కు ఆడిన మలకాయ్ ఫెకిటోవా 2023 ప్రపంచ కప్‌లో టోంగా పక్షాన నిలవడం దీని ఫలితమే. వలసల వల్ల ఆటగాళ్లను కోల్పోయిన పసిఫిక్ ద్వీపదేశాలకు ఇది ఆలస్యంగా దక్కిన న్యాయం.

అయితే ఈ సడలింపు జన్మకు, వంశానికి మాత్రమే వర్తిస్తుంది. మొదటి జట్టును పొందడానికి నివాసం చాలు. రెండవ జట్టుకు మాత్రం అది చెల్లదు. జపాన్ అనుభవం ఈ వైరుధ్యాన్ని స్పష్టం చేస్తుంది. 2019లో ఆ దేశాన్ని తొలిసారి ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌కు చేర్చిన జట్టులో సుమారు సగం మంది విదేశాలలో జన్మించినవారు. నాయకుడు మైకేల్ లీచ్ న్యూజిలాండ్‌లో జన్మించి, పదిహేనేళ్ల వయస్సులో చదువుకోసం జపాన్ చేరాడు. ఆ జట్టును జపాన్ ప్రజలు తమదిగానే స్వీకరించారు. కానీ లీచ్ యౌవనంలో ఒక్కసారి న్యూజిలాండ్‌కు ఆడి ఉంటే, ఆ తరువాత జపాన్‌లో ఇరవై ఏళ్లు జీవించినా ఈ నిబంధన అతనికి జపాన్ జట్టులో చోటు ఇవ్వదు.

నివాసాన్ని అంగీకరిస్తే సంపన్న దేశాలు ఆటగాళ్లను కొనుగోలు చేస్తాయన్న అభ్యంతరం బలమైనదే. దానికి సమాధానం నివాసకాలాన్ని పెంచడంలో ఉంది. నివాసాన్నే తిరస్కరించడంలో లేదు. జాతీయత జీవించడం ద్వారా లభిస్తుందని ఒక చోట అంగీకరించి, రక్తం ద్వారానే తిరిగి లభిస్తుందని మరొక చోట శాసించే నిబంధన, తాను నిర్వచించదలచిన భావనను తానే ఖండిస్తున్నది.